మొదటిసారి పెద్ద గుడ్లగూబను ఎదురెదురుగా చూశాను: నేను దాన్ని బెదరగొట్టానా?

తొలిచూపు (ప్రశ్న):

చిన్నప్పటి నుంచి పక్షులంటే ఇష్టం ఉన్నా, గుడ్లగూబను బొమ్మల్లోనూ వీడియోల్లోనూ తప్ప నేరుగా ఎన్నడూ చూడలేదు. మూడు రోజుల కిందట, పొద్దు గుంకడానికి అరగంట ముందు, పని ఆగిపోయిన ఒక పాత రాతి క్వారీ అంచు వెంట నడుస్తున్నాను. ఎదుటి రాతిగోడలో, నా తల కంటే కాస్త ఎత్తులో, ఒక అరుగు ఉంది. దాని మీద గోధుమరంగు బండరాయి ఒకటి ఉన్నట్టు కనిపించింది. నేను చూస్తుండగానే ఆ రాతికి రెండు కళ్ళు తెరుచుకున్నాయి.

మా ఇద్దరి మధ్య ఇరవై అడుగుల దూరం కూడా లేదేమో. కళ్ళు బాగా మగ్గిన నారింజపండు రంగులో ఉన్నాయి. తల మీద రెండు ఈకల కొమ్ములు గాలికి సన్నగా ఊగుతున్నాయి. రొమ్ము మీద నల్లటి నిలువు చారలు, వాటికి అడ్డంగా వెంట్రుకంత సన్నని గీతలు. కాళ్ళు వేళ్ళ దాకా ఈకలతో కప్పబడి, బొచ్చు మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉన్నాయి. అది ఒకసారి రెప్ప వేసింది. పై రెప్ప నెమ్మదిగా కిందికి దిగి మళ్ళీ పైకి వెళ్ళింది, అచ్చం మనిషి రెప్ప వేసినట్టే. ఆ ఒక్క కదలికకు నా ఒళ్ళు గగుర్పొడిచింది. అంతవరకు నేను ఒక పక్షిని చూస్తున్నానన్న భావనే తప్ప, ఒక పక్షి నన్ను చూస్తోందన్న భావన నాకు ఎన్నడూ కలగలేదు.

కాస్త పక్కకు జరిగి, అయిదు నిమిషాల సేపు కదలకుండా నిలబడ్డాను. ఆ తర్వాత ఆశ ఆపుకోలేక, ఫోన్‌తో ఫోటో తీద్దామని రెండడుగులు ముందుకు వేశాను. అప్పుడు దాని శరీరం చూస్తుండగానే సన్నబడిపోయింది. ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి, కొమ్ములు నిటారుగా లేచి, నిలబెట్టిన ఎండు మోడులా మారింది. మరుక్షణం అరుగు మీంచి ముందుకు వాలి, రెక్కలు చాచి, నా ఎడమవైపు నుంచి క్వారీ అవతలికి వెళ్ళిపోయింది. అంత పెద్ద పక్షి అంత దగ్గరగా వెళ్ళినా రెక్క చప్పుడు నాకు వినపడలేదు. దాని కాలు తగిలి అరుగు మీంచి రాలిన గులకరాయి కింద పడ్డ చప్పుడు ఒక్కటే వినిపించింది.

అప్పటి నుంచి మనసు దాని చుట్టూనే తిరుగుతోంది. అది ఏ జాతి గుడ్లగూబ? నేను పక్కకు జరిగినప్పుడు కళ్ళు తిప్పకుండా తల మొత్తం తిప్పింది ఎందుకు? అంత నిశ్శబ్దంగా ఎలా ఎగరగలిగింది? అన్నిటికన్నా ముఖ్యంగా, నేను దాన్ని బెదరగొట్టానా, మళ్ళీ అక్కడికి వెళ్ళవచ్చా అన్నది తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. ఫోటో రాలేదు, కాబట్టి ఈ వర్ణనే ఆధారం.

కొండగాలి:

తొలిచూపు గారూ, మీరు కళ్ళ రంగునూ కాళ్ళ ఈకలనూ గమనించి రాయడం వల్ల గుర్తించడం సులువైంది. నారింజ కళ్ళు, నిటారుగా లేచే కొమ్ములు, వేళ్ళ దాకా ఈకలున్న కాళ్ళు, రాతి అరుగు మీద పగటి విశ్రాంతి: ఈ నాలుగూ కలిసినప్పుడు అది ఇండియన్ ఈగిల్ ఔల్ అని నమ్మకంగా చెప్పవచ్చు. దీన్నే రాక్ ఈగిల్ ఔల్ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం బ్యూబో బెంగాలెన్సిస్. చాలాకాలం దీన్ని యురేషియన్ ఈగిల్ ఔల్‌లో ఒక ఉపజాతిగా లెక్కించారు, ఇప్పుడు వేరే జాతిగానే పరిగణిస్తున్నారు. పొడవు సుమారు 50 నుంచి 56 సెంటీమీటర్లు. ఇంతే పెద్దదైన బ్రౌన్ ఫిష్ ఔల్‌తో దీన్ని పొరబడేవారు ఉన్నారు గానీ, దాని కళ్ళు పసుపుపచ్చన, కాళ్ళకు ఈకలుండవు, నీటి పట్టుల దగ్గర ఉంటుంది. కొమ్ముల్లాంటి ఆ ఈకలకు వినికిడితో ఏ సంబంధమూ లేదని కూడా చెప్పాలి. అసలు చెవులు ముఖానికి రెండు పక్కలా ఈకల కింద దాగిన రంధ్రాలు.

తల తిప్పడం గురించి అడిగారు. గుడ్లగూబ కన్ను మన కన్నులా గుండ్రటి గోళం కాదు, ముందుకు పొడుచుకొచ్చిన గొట్టంలా ఉంటుంది, దాని చుట్టూ ఎముకల వలయం బిగించి ఉంటుంది. కంటి గూట్లో అది అటూ ఇటూ తిరగలేదు. మనం ఓరకంట చూసే చోట గుడ్లగూబ మెడ తిప్పి చూడవలసిందే. అందుకే మెడ అంతగా తిరుగుతుంది: మన మెడలో 7 వెన్నుపూసలుంటే దానికి 14, ఒక వైపుకు 270 డిగ్రీల దాకా తిప్పగలదు. మనిషి మెడను హఠాత్తుగా మెలితిప్పితేనే రక్తనాళాలు దెబ్బతిని మెదడుకు ప్రమాదం వస్తుంది కదా, మరి దీనికెందుకు రాదన్న ప్రశ్నకు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో సమాధానం ప్రచురించారు. మెడ ఎముకల్లో రక్తనాళం సాగే రంధ్రం ఆ నాళం కంటే సుమారు 10 రెట్లు వెడల్పుగా ఉండటం వల్ల, మెడ మెలికపడినా నాళం నలగకుండా జరగడానికి చోటు దొరుకుతుంది. పైగా తల అడుగున రక్తనాళాలు ఉబ్బి కొంత రక్తాన్ని నిలవ చేసుకుంటాయి, నాళం కాసేపు నొక్కుకుపోయినా మెదడుకూ కళ్ళకూ సరఫరా ఆగదు.

మిమ్మల్ని కదిలించిన ఆ రెప్పపాటుకు కూడా కారణముంది. చాలా పక్షులు నిద్రపోయేటప్పుడు కింది రెప్పను పైకి తెచ్చి కన్ను మూస్తాయి. గుడ్లగూబ నిద్రకు అలాగే మూసినా, రెప్ప వేసేటప్పుడు మాత్రం పై రెప్పను కిందికి దించుతుంది. రెండు కళ్ళూ ముందువైపుకే ఉండటం, రెప్ప పై నుంచి దిగడం, ఈ రెండూ కలిసే దాని ముఖానికి ఆ మనిషి పోలికను ఇస్తాయని నేను అనుకుంటాను.

ఇక నిశ్శబ్దం. 1934లో ఆర్. ఆర్. గ్రాహమ్ అనే బ్రిటిష్ పరిశీలకుడు గుడ్లగూబ రెక్కలో మూడు విశేషాలను గుర్తించాడు, ఇప్పటికీ పరిశోధనలు అక్కడి నుంచే మొదలవుతాయి. రెక్క ముందంచున ఉండే ఈకకు దువ్వెన పళ్ళలాంటి బిరుసు ముళ్ళుంటాయి. వెనకంచున పల్చని కుచ్చు ఉంటుంది. ఈకల పైభాగమంతా మఖమలు గుడ్డలా మెత్తటి నూగు పరుచుకుని ఉంటుంది, ఒక ఈక మరొక ఈక మీద జారినప్పుడు రాపిడి చప్పుడు రాకపోవడానికి అదే కారణం. రెక్క వైశాల్యం బరువుతో పోలిస్తే ఎక్కువ కావడంతో నెమ్మదిగా, తక్కువ ఊపులతో ఎగరగలదు. ఎక్కడైనా రాలిన గుడ్లగూబ ఈక దొరికితే అంచును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, చూసి అక్కడే వదిలేయండి.

నిదానం:

కొండగాలి గారు చెప్పినవాటికి నేను కలిపేదేమీ లేదు, అయితే మీరు అన్నిటికన్నా ముఖ్యం అన్న ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదు. అవును, అది బెదిరింది. ఆ మాట నిందగా తీసుకోవద్దు. మీరు రెండడుగులు వేయగానే ఈకలు ఒంటికి అదుముకుని సన్నబడిందని రాశారు. గుడ్లగూబ అలా చేయడం, తనను ఎవరో పసిగట్టారని దానికి తెలిసిందనడానికి గుర్తు. మోడులా కనిపించి చూపు తప్పించుకోవాలని అది చేసే చివరి ప్రయత్నం అది. నిజానికి కథ అంతకు ముందే మొదలైంది: మీరు చూసినప్పుడు కళ్ళు తెరిచిందంటే మీ అడుగుల చప్పుడుకే నిద్ర చెడింది. ఇంకా దగ్గరకు వెళ్ళి తప్పించుకునే దారి లేకుండా చేసి ఉంటే, దీనికి పూర్తిగా వ్యతిరేకమైన రూపం చూసి ఉండేవారు. రెక్కలు విసనకర్రల్లా విప్పి, తల దించి, ఒళ్ళు రెండింతలు చేసి, ముక్కు టకటకలాడిస్తుంది. ఆ రూపాన్ని చూడటం అదృష్టమనుకుని ఫోటోలు పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పగలు ఎగరవలసి రావడం గుడ్లగూబకు చిన్న విషయం కాదు. కాకులూ గోరింకలూ దాన్ని చూసిన వెంటనే గుంపుగా చేరి అరుస్తూ తరుముతాయి. రాత్రి వేటకు దాచుకున్న శక్తి ఆ పరుగులో ఖర్చవుతుంది. అది గూడు కట్టే పక్షి కూడా కాదు, రాతి అరుగు మీద మట్టిని కాస్త గోకి ఆ పల్లంలోనే గుడ్లు పెడుతుంది. కాబట్టి మీరు చూసిన అరుగు విశ్రాంతి చోటో, గుడ్లు పెట్టే చోటో బయటి నుంచి తెలియదు.

ఇది నాకు ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. పదకొండేళ్ళ కిందట నాకు ఇలాంటి అరుగే ఒకటి కనిపించింది. వరసగా నాలుగు రోజులు వెళ్ళాను. ప్రతి రోజూ నిన్నటి కంటే కొంచెం దగ్గరగా కూర్చున్నాను, అది నాకు అలవాటు పడుతోందని నమ్మాను. నాలుగో రోజున తల్లి పక్షి లేచి వెళ్ళిపోయాక గానీ దాని కింద మూడు గుడ్లున్నాయని నాకు తెలియలేదు. వెంటనే వెనక్కి వచ్చేశాను. పదిహేను రోజుల తర్వాత చాలా దూరం నుంచి దుర్భిణితో చూస్తే అరుగు ఖాళీగా ఉంది, పెంకు ముక్కలు మాత్రం ఉన్నాయి. ఏ జంతువో వాటిని తినేసి ఉండవచ్చు, నేను వెళ్ళకపోయినా అలాగే జరిగి ఉండవచ్చు. కానీ ఆ ఖాళీ అరుగు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది.

అందువల్ల నా సలహా ఇది. మళ్ళీ వెళ్ళండి, కానీ అరుగు దగ్గరకు కాదు. క్వారీకి అవతలి ఒడ్డున, కనీసం వంద గజాల దూరంలో, మీ వెనక చెట్టో బండో ఉండేలా కూర్చోండి. పొద్దు గుంకక ముందే కూర్చుని, చీకటి పడ్డాక లేవండి. మంచి దుర్భిణి ఉంటే చాలు. ఫ్లాష్ వాడవద్దు, ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవవద్దు. ఆ కూత దానికి తన హద్దులోకి చొరబడ్డ మరో గుడ్లగూబగా వినిపిస్తుంది, వేటాడవలసిన సమయంలో లేని శత్రువును వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ క్వారీ ఎక్కడుందో ఇక్కడ రాయకుండా ఉన్నందుకు మీకు కృతజ్ఞతలు, ఇకముందు కూడా రాయవద్దు.

రాతిరిచెవి:

నిదానం గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కొండగాలి గారు చెప్పిన నిశ్శబ్దం గురించి ఒక చిన్న సవరణ మాత్రం చేయాలనిపించింది. గుడ్లగూబ నిశ్శబ్దంగా ఎగిరేది ఎలుకకు వినపడకుండా ఉండటానికే అనుకుంటాం. తన రెక్కల చప్పుడు తన చెవికే అడ్డు రాకుండా ఉండటం కూడా దానికి అంతే అవసరం. పూర్తి చీకటిలో బార్న్ ఔల్ అనే మరో జాతి గుడ్లగూబ కేవలం చెవుల సాయంతో ఎలుకను పట్టగలదని రోజర్ పేన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాలు నిరూపించాయి. ఆ ఫలితాలు 1971లో వివరంగా అచ్చయ్యాయి. బార్న్ ఔల్ చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, మరొకటి కాస్త కిందికి ఉంటాయి. శబ్దం రెండు చెవులకూ చేరడంలోని అతి సూక్ష్మమైన కాలభేదం వల్ల అది ఏ పక్కనుంచి వచ్చిందో, తీవ్రతలోని తేడా వల్ల ఎంత ఎత్తు నుంచి వచ్చిందో దానికి తెలుస్తుంది. 1978లో ఎరిక్ నూడ్సన్, మసకజు కొనిషి అనే పరిశోధకులు దాని మెదడులో చుట్టూ ఉన్న స్థలానికి శబ్దాల పటం లాంటిది ఒకటి ఉందని చూపించారు. గుండ్రటి ముఖం ఆ శబ్దాలను చెవుల వైపు మళ్ళించే పళ్ళెం. మీరు చూసిన ఈగిల్ ఔల్‌కు ఆ గుండ్రటి ముఖచక్రం అంత పూర్తిగా ఏర్పడి ఉండదు, అది కళ్ళ మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే దాని చూపులో అంత బిగువు ఉందని నా అభిప్రాయం.

రెక్కల నిశ్శబ్దం ఎర చెవి కోసమూ తన చెవి కోసమూ అనడానికి చేపలు పట్టే గుడ్లగూబల సంగతి మంచి నిదర్శనం. నీటి లోపలి చేపకు గాలిలోని రెక్క చప్పుడు వినపడదు, నీటి కింది చేపను చెవితో వెతికే పనీ లేదు. అందుకని వాటి రెక్కల్లో ఆ దువ్వెన పళ్ళ ఏర్పాటు బాగా తగ్గిపోయింది, ఎగిరితే రెక్కల ఊపు వినపడుతుంది కూడా.

మరొక మాట. మీరు దాన్ని అంత పెద్ద పక్షి అన్నారు, మొదటిసారి చూసిన ప్రతివారూ అదే అంటారు. గుడ్లగూబ పరిమాణంలో ఎక్కువ భాగం ఈకలే. చలి దేశాల గ్రేట్ గ్రే ఔల్ 80 సెంటీమీటర్ల పొడవుకు మించి పెరుగుతుంది, బరువు మాత్రం కిలోకు కాస్త అటూ ఇటూ. రష్యా తూర్పు అంచునా జపాన్‌లోని హొక్కయిడోలోనూ ఉండే బ్లాకిస్టన్స్ ఫిష్ ఔల్ నిజంగా బరువైనది, 4 కిలోలు దాటుతుంది. మరో కొసన, సుమారు 40 గ్రాములు తూగే ఎల్ఫ్ ఔల్ ఉంది. గుడ్లగూబల్లో మొత్తం దాదాపు 250 జాతులున్నాయి గానీ, ఎవరికైనా మొదటిది ఒక్కటే కదా.

అరుగు కింద నేల మీద తెల్లటి రెట్ట చారలూ, బొటనవేలి కంటే పెద్ద బూడిదరంగు ఉండలూ కనిపించాయా?

తొలిచూపు:

అందరికీ కృతజ్ఞతలు. నిదానం గారు రాసింది చదివి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఫోటో కోసం వేసిన ఆ రెండడుగులు వేయకుండా ఉండవలసింది.

రాతిరిచెవి గారూ, కనిపించాయి. ఆ రోజు అది ఎగిరిపోయిన తర్వాత గోడ అడుగున రెట్ట చారలు చూశాను. వాటి పక్కన ఒక ఉండ పడి ఉంటే, ఎండిన మట్టిగడ్డ అనుకుని పుల్లతో కదిపాను. లోపల బూడిదరంగు వెంట్రుకలూ, వాటి మధ్య పసుపుపచ్చటి రెండు పొడవాటి పళ్ళున్న చిన్న దవడ ఎముకా కనిపించాయి. అది రెట్ట అనుకుని వదిలేశాను.

రాతిరిచెవి:

అది రెట్ట కాదు. గుడ్లగూబ ఎలుకను చిన్నదైతే మొత్తంగా, పెద్దదైతే ముక్కలుగా మింగుతుంది. అరగని ఎముకలూ వెంట్రుకలూ కడుపులో ఒక ఉండలా చుట్టుకుంటే, వాటిని నోటి గుండా బయటికి కక్కేస్తుంది. మీరు చూసిన పసుపుపచ్చటి పళ్ళు ఎలుక జాతి ముందు పళ్ళు, వాటి పింగాణీ పొరకు ఆ రంగు సహజం. ఒక్క ఉండను విప్పి చూస్తే ఆ పక్షి రాత్రి ఏం తిన్నదో తెలిసిపోతుంది, పక్షి దగ్గరకు వెళ్ళవలసిన అవసరమే ఉండదు. అయితే ఉండ కోసం అరుగు కిందికి పదేపదే వెళితే మళ్ళీ మొదటికే వస్తుంది కాబట్టి, దాన్ని కూడా పక్షులు ఆ చోటు విడిచిన తర్వాతి పనిగానే పెట్టుకోండి.

ఆ దవడ ఎముక విషయం చదివినప్పుడు నాకు ఎలుకల మందు గుర్తుకొచ్చింది. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది, గుడ్లగూబకు సులువుగా దొరికేది అదే. న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్క్ జూ నుంచి 2023 ఫిబ్రవరిలో బయటపడిన ఫ్లాకో అనే యురేషియన్ ఈగిల్ ఔల్ ఏడాది పాటు నగరంలో స్వేచ్ఛగా వేటాడి బతికింది. ఎంతోమంది దాన్ని కళ్ళారా చూశారు. 2024 ఫిబ్రవరిలో అది చనిపోయినప్పుడు పరీక్షిస్తే, ఒంటి మీది గాయాలతో పాటు, పావురాల ద్వారా సోకిన హెర్పిస్ వైరస్, నాలుగు రకాల ఎలుకల మందులూ బయటపడ్డాయి. మీ గుడ్లగూబకు మీరు నేరుగా చేయగల మేలు ఏదైనా ఉందంటే, ఆ చుట్టుపక్కల ఎవరైనా మందు పెడుతుంటే బోనులు వాడమని నచ్చజెప్పడం.

నిదానం:

తొలిచూపు గారూ, ఆ రెండడుగుల గురించి ఎక్కువ బాధపడవద్దు. మీరు అడిగారు, అది చాలు. ఒకసారి బెదిరి వెళ్ళిన పక్షి సాధారణంగా ఆ ప్రాంతాన్నే వదిలిపెట్టదు. ఒక వారం విడిచి వెళ్ళండి. ముందుగా కూత కోసం వినండి: రెండు ముక్కలుగా, లోతుగా, రెండోది కాస్త సాగదీసి వస్తుంది.

తొలిచూపు:

వారం ఆగి, నిన్న సాయంత్రం వెళ్ళాను. క్వారీ అవతలి గట్టు మీద, తుమ్మచెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాను, అరుగు నాకు అరచేతిలోని గింజంత కనిపించింది. గంటకు పైగా ఏమీ లేదు. ఎదుటి గోడ మీద ఎండ పైకి పాకి ఆగిపోయింది, గోరింకలు అరుచుకుంటూ వెళ్ళిపోయాయి. అది ఇక రాదేమో అనుకుంటున్నప్పుడు, అరుగుకు చాలా పక్కగా, నేను వెతకని చోటు నుంచి ఆ కూత వినిపించింది. నిదానం గారు చెప్పినట్టే రెండు ముక్కలు, రెండోది సాగింది. చెవికంటే ముందు ఛాతీకి తగిలినట్టు అనిపించింది.

దుర్భిణి తిప్పి వెతికితే గోడ పైఅంచున ఒక బండ మీద కూర్చుని ఉంది. కూసిన ప్రతిసారీ మెడ కింద తెల్లటి మచ్చ ఒకటి విచ్చుకుంటోంది, కూత ఆగగానే మూసుకుపోతోంది. అంత చీకట్లోనూ అది ఎప్పుడు కూస్తోందో ఆ తెలుపును బట్టే తెలిసింది. కాసేపటికి క్వారీ లోపలి నుంచి, మొదటిదాని కంటే కొంచెం పలచని గొంతుతో, మరొకటి బదులు పలికింది. అక్కడ రెండున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

అది ఈసారి కూడా నా వైపు తల తిప్పింది. ఒక క్షణం చూసి, మళ్ళీ అటు తిప్పుకుని, ఒక కాలు పైకెత్తి, మెడ పక్కన తీరిగ్గా గోక్కుంది. ఒంటి ఈకలు ఒక్కసారి విదిలించి, వదులుగా సర్దుకుని కూర్చుంది. పూర్తిగా చీకటి పడేదాకా నేను లేవలేదు.